క్వారీలో పనిచేస్తూ మైనింగ్ సర్టిఫికెట్ సంపాదించడం ఎలా?

పిడుగురాళ్ల, దాచేపల్లి, జగ్గయ్యపేట వైపు సున్నపురాయి గనుల్లోనో, పేరేచర్ల, పరిటాల, కొండపల్లి చుట్టుపక్కల కంకర క్వారీల్లోనో పనిచేసే కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఏదైనా మైనింగ్ కోర్సు చేస్తే జీతం పెరుగుతుందా?" పెరుగుతుంది. కానీ ఎక్కడైనా డబ్బు కట్టే ముందు ఒక సంగతి తేల్చుకోండి.

ఈ రంగంలో మూడు రకాల కాగితాలుంటాయి. మొదటిది, గనిలో పనికి తీసుకున్న ప్రతి మనిషికీ యజమాని ఇప్పించాల్సిన వృత్తి శిక్షణ. దీన్ని అందరూ వీటీ అంటారు. రెండోది, మేట్ (పనివాళ్లను చూసుకునేవాడు), బ్లాస్టర్ (రాయి పేల్చేవాడు), ఫోర్‌మన్, మేనేజర్ లాంటి బాధ్యతలు తీసుకోవడానికి కావాల్సిన కాంపిటెన్సీ సర్టిఫికెట్. ఇది ధన్‌బాద్ కేంద్రంగా పనిచేసే గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఎంఎస్ ద్వారానే రావాలి. మూడోది, ఇన్‌స్టిట్యూట్లు, స్కిల్ సంస్థలు ఇచ్చే కోర్సు సర్టిఫికెట్. మూడోదానికి ఫీజు కట్టి రెండోది చేతికొచ్చిందనుకునేవాళ్లు మన దగ్గర బోలెడుమంది. డ్రైవింగ్ స్కూలు ఇచ్చిన కాగితం చూపిస్తే పోలీసు ఊరుకోడు కదా, లైసెన్సు ఆర్టీవో ఆఫీసు నుంచి రావాల్సిందే. ఇదీ అంతే.

కోర్సు వెతకడం తర్వాత సంగతి. ముందు చేయాల్సినవి వేరే ఉన్నాయి.

1. మీ పేరు రిజిస్టర్‌లో ఉందో లేదో చూసుకోండి

డీజీఎంఎస్ పరీక్షలకు చదువు ఒక్కటే చాలదు, గనిలో పనిచేసిన అనుభవం చూపించాలి. ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలంటే మీరు పనిచేసే చోటు చట్టం దృష్టిలో గని అయి ఉండాలి, మీ పేరు దాని రిజిస్టర్‌లో ఉండాలి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

"మాది చిన్న క్వారీ, మాకు మైన్స్ చట్టం వర్తించదు" అని కొందరు ఓనర్లు చెబుతారు. 1952 గనుల చట్టం మామూలు మట్టి, ఇసుక, గ్రావెల్, కంకర, భవనాల రాయి లాంటివాటికి కొంత మినహాయింపు ఇచ్చిన మాట నిజమే. కాకపోతే దానికి షరతులున్నాయి. తవ్వకం లోతు ఎక్కడా 6 మీటర్లు దాటకూడదు, ఏ రోజూ 50 మందికి మించి పనిచేయకూడదు, పేలుడు పదార్థాలు వాడకూడదు. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా మినహాయింపు పోతుంది. రోజూ సాయంత్రం మందు పెట్టి కొండను పేల్చే క్వారీ మినహాయింపు కిందికి ఎలా వస్తుంది? రాదు.

2025 నవంబర్ 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చి 1952 చట్టం స్థానం తీసుకుంది. అయినా గని ఆఫీసుల్లో పాత ఫారాల పేర్లే వాడుకలో ఉన్నాయి కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాను. దరఖాస్తు చేసే రోజున మాత్రం డీజీఎంఎస్ వెబ్‌సైట్‌లో తాజా నోటిఫికేషన్ చదివి, అందులో ఉన్నదాని ప్రకారమే నడవండి.

రేపు ఆఫీసుకెళ్లి అడగాల్సినవి ఇవి. మన క్వారీ తెరిచినట్టు డీజీఎంఎస్‌కు నోటీసు వెళ్లిందా? ఏ పేరుతో వెళ్లింది? ఫారం-బి రిజిస్టర్‌లో నా పేరు ఎక్కిందా, ఏ తేదీన ఎక్కింది? ఏ పని కింద రాశారు? కాంట్రాక్టర్ మస్టర్‌లో ఉండి గని రిజిస్టర్‌లో లేకపోతే, పదేళ్లు జాక్‌హామర్ పట్టుకున్నా కాగితం మీద మీరు అక్కడ పని చేయనట్టే. అడగడానికి మొహమాటపడొద్దు. గుమస్తా విసుక్కుంటే మేనేజర్‌ని అడగండి. ఆయన కూడా ఒకప్పుడు ఇలా అనుభవం లెక్కపెట్టుకుని పైకొచ్చినవాడే.

పేరు ఎలా రాశారో కూడా చూడండి. మనకు ఇంటిపేరుతో పెద్ద తంటా. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, రిజిస్టర్‌లో గుమస్తా ఇంటిపేరే ఎత్తేసి తండ్రిపేరు తగిలిస్తాడు. మూడింట్లో మూడు పేర్లుంటే దరఖాస్తు దగ్గర ఆగిపోతుంది. పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే మిగతావన్నీ ఇప్పుడే మార్పించుకోండి.

2. వీటీ, మెడికల్ పూర్తిచేయించుకోండి

1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం కొత్తగా చేరినవాళ్లకు మొదటి శిక్షణ, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రిఫ్రెషర్ ఇప్పించాలి. పెద్ద సిమెంటు కంపెనీలకు సొంత వీటీ కేంద్రాలుంటాయి. చిన్న గనులు కొన్ని కలిసి ఒక గ్రూప్ వీటీ కేంద్రాన్ని నడుపుకుంటాయి. ఖర్చు యజమానిదే. మీ జేబులోంచి కట్టమంటే అది తేడా వ్యవహారమని అర్థం.

కొన్నిచోట్ల క్లాసుకు వెళ్లకుండానే సంతకం పెట్టించి సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. పని తప్పిందని సంతోషపడకండి. డ్రిల్ చేసేటప్పుడు నీళ్లు ఎందుకు కొట్టాలి, వదులైన రాయిని పైనుంచి కిందికి ఎలా దించాలి, టిప్పర్ రివర్స్ చేసేటప్పుడు మనిషి ఎటు నిలబడాలి లాంటివి అక్కడ నేర్పాల్సినవే. తర్వాత మేట్ పరీక్షలో మిమ్మల్ని అడిగేవీ దాదాపు ఇవే.

మెడికల్ విషయంలో ఇంకా పట్టుబట్టండి. పనిలో చేరేటప్పుడు ఒకసారి, ఆ తర్వాత కనీసం ఐదేళ్లకోసారి పరీక్ష చేయించి ఫారం-ఓ ఇవ్వాలి. అందులో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. రాతి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక తగ్గించే మందు లేదు. చేరిన రోజున ఊపిరితిత్తులు బాగున్నాయని చూపించే ఎక్స్‌రే మీ దగ్గర ఉంటేనే రేపు నష్టపరిహారం అడగడానికి ఆధారం. ఆ ఫిల్మ్‌నో, రిపోర్ట్ కాపీనో ఇంట్లో భద్రంగా పెట్టుకోండి.

3. ఏ మెట్టు ఎక్కాలో నిర్ణయించుకోండి

సున్నపురాయి, గ్రానైట్, బెరైటీస్, కంకర, ఇవన్నీ 1961 మెటల్ గనుల నిబంధనల కిందికి వస్తాయి. వీటిలో మెట్లు ఇలా ఉంటాయి: బ్లాస్టర్, మేట్, ఫోర్‌మన్, సెకండ్ క్లాస్ మేనేజర్, ఫస్ట్ క్లాస్ మేనేజర్. సర్వేయర్ దారి విడిగా ఉంటుంది. బొగ్గు గనులకు 2017 నిబంధనలు. అక్కడ షాట్‌ఫైరర్, సర్దార్, ఓవర్‌మన్ అనే పేర్లు వినిపిస్తాయి, గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ కూడా కావాలి. సింగరేణికి వెళ్లాలన్నది మీ ఆశ అయితే బొగ్గు వైపు సర్టిఫికెట్ చూసుకోవాలి. పల్నాడు సిమెంటు గనుల్లోనో చీమకుర్తి గ్రానైట్‌లోనో స్థిరపడాలనుకుంటే మెటల్ వైపు. "ఏదో ఒకటి రాసేద్దాం" అని దిగితే రెండేళ్లు పోతాయి.

ఇంకో తేడా, రెస్ట్రిక్టెడ్, అన్‌రెస్ట్రిక్టెడ్. రెస్ట్రిక్టెడ్ అంటే పైకప్పు లేని ఓపెన్‌కాస్ట్ గనులకే చెల్లుతుంది. అన్‌రెస్ట్రిక్టెడ్ కావాలంటే భూగర్భ గనిలో పనిచేసిన అనుభవం కూడా ఉండాలి. గుంటూరు, కృష్ణా చుట్టుపక్కల ఇప్పుడు ఉన్నవన్నీ దాదాపు ఓపెన్‌కాస్టే. అగ్నిగుండాల దగ్గర బండలమోట్టులో ఒకప్పుడు సీసం గని నడిచేది, అది మూతపడింది. కాబట్టి ఇక్కడే ఉద్యోగం చేసుకునేవాళ్లకు రెస్ట్రిక్టెడ్ చాలు. దాన్ని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు.

చదువు తక్కువ, చేతిపని బాగా వచ్చు అన్నవాళ్లు మేట్ లేదా బ్లాస్టర్‌తో మొదలుపెట్టండి. ఈ రెండింట్లో నా ఓటు మేట్‌కే. బ్లాస్టర్‌గా ఉంటే పేల్చే పని వరకే పరిమితం అవుతారు. మేట్‌కు పదిమందిని చూసుకునే బాధ్యత వస్తుంది, ఫోర్‌మన్ వైపు వెళ్లే దారీ తెరుచుకుంటుంది.

బ్లాస్టింగ్ వైపే వెళ్లేవాళ్లకు ఒక మాట. 2025 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఎలక్ట్రిక్ డిటోనేటర్ల తయారీ, నిల్వ, దిగుమతి నిషేధించారు. వైర్లు కలిపి ఎక్స్‌ప్లోడర్ తిప్పే పాత పద్ధతి మాత్రమే తెలిసిన బ్లాస్టర్ ఇక నెగ్గుకురాలేడు. నానెల్ (కరెంటు అక్కర్లేని గొట్టం రకం), ఎలక్ట్రానిక్ డిటోనేటర్లు ఎలా కలపాలో నేర్చుకోండి. మందు సరఫరా చేసే కంపెనీ టెక్నీషియన్ క్వారీకి వచ్చినప్పుడు పక్కన నిలబడి చూడనివ్వమని మేనేజర్‌ని అడగొచ్చు. గని బయట, అంటే రోడ్డు పనుల్లోనో బావి తవ్వకంలోనో పేల్చేవాళ్లకు కావాల్సింది వేరు. అది నాగపూర్‌ కేంద్రంగా పేలుడు పదార్థాల భద్రత చూసే పెసో సంస్థ ఇచ్చే షాట్‌ఫైరర్ పర్మిట్. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

4. అనుభవ పత్రం సరిగ్గా రాయించుకోండి

చాలామంది తెచ్చే అనుభవ పత్రంలో ఇలా ఉంటుంది: "ఇతను మా దగ్గర ఐదేళ్లుగా పనిచేయుచున్నాడు. మంచి నడవడిక గలవాడు." నడవడిక ఎలా ఉన్నా ఆ కాగితం పరీక్షకు పనికిరాదు.

పత్రంలో గని పేరు డీజీఎంఎస్ రికార్డుల్లో ఉన్నట్టే ఉండాలి, కంపెనీ పేరు ఒక్కటే సరిపోదు. ఏ ఖనిజం, ఓపెన్‌కాస్టా, భూగర్భమా అన్నది ఉండాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది రోజుతో సహా ఉండాలి. పని వివరం అన్నిటికన్నా ముఖ్యం. "హెల్పర్" అని రాస్తే మీరు టీ తెచ్చారో డ్రిల్ పట్టారో చదివేవాడికి తెలియదు. "ఫేస్ దగ్గర డ్రిల్లింగ్, ఛార్జింగ్‌లో సహాయం, రాళ్లు దించడం" అని విడమరిచి రాయించండి. రెండేళ్లు డ్రిల్లింగ్, ఏడాది లోడింగ్ చేసి ఉంటే వాటిని విడివిడిగా తేదీలతో రాయించండి. కింద సంతకం పెట్టేది గని మేనేజర్, ఆయన సర్టిఫికెట్ నంబరుతో సహా. ఓనరు బావమరిది సంతకం చెల్లదు. ఏ పత్రమైనా డీజీఎంఎస్ ఇచ్చిన నమూనాలోనే ఉండాలి, లెటర్‌హెడ్ మీద సొంత కవిత్వం వద్దు.

మేనేజర్ మారిపోతున్నాడని తెలియగానే ఆయన ఉన్నన్నాళ్లకు పత్రం రాయించుకోండి. ఒకసారి రాజస్థాన్ వెళ్లిపోయాడంటే సంతకం కోసం ఫోన్లు చేస్తూ ఆరునెలలు గడపాలి.

దీంతోపాటు ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్, మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. ఫస్ట్ ఎయిడ్ కోసం సెయింట్ జాన్ అంబులెన్స్ అసోసియేషన్ శిక్షణ తీసుకోండి. పరీక్ష నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తడం కంటే ముందే చేసిపెట్టుకోవడం నయం.

ఏ సర్టిఫికెట్‌కు ఎన్నేళ్ల అనుభవం అన్నది చదువును బట్టి మారుతుంది. మైనింగ్ డిప్లొమా, డిగ్రీ ఉన్నవాళ్లకు తక్కువ చాలు. మైనింగ్ డిగ్రీ ఉన్నవాళ్లు మేనేజర్ పరీక్షలో యాజమాన్యం, చట్టాలు, భద్రతకు సంబంధించిన పేపరు ఒక్కటి రాస్తే సరిపోతుంది. మిగిలినవాళ్లకు తవ్వకం పద్ధతులు, గాలి సరఫరా, పేలుడు పదార్థాలు, యంత్రాలు, సర్వే కూడా ఉంటాయి.

5. ఇప్పుడు కోర్సు వెతకండి

మీ వయసు ఇరవైలోపు ఉండి, చదువు కొనసాగించే వీలుంటే డిప్లొమాకు మించిన దారి లేదు. పాలిసెట్ రాసి మైనింగ్ బ్రాంచ్ ఉన్న పాలిటెక్నిక్‌లో చేరాలి. బ్రాంచ్ ప్రతి కాలేజీలో ఉండదు, కౌన్సెలింగ్ జాబితా చూసుకోండి. డిప్లొమా అయ్యాక ఈసెట్‌లో మైనింగ్ ఇంజనీరింగ్ పేపరు రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. తెలంగాణ వైపు కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్ (2025లో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీగా మారింది), బెల్లంపల్లి పాలిటెక్నిక్ ఈ రంగంలో పాతకాపులు. అడ్మిషన్‌లో స్థానికత నిబంధనలు చూసుకుని అడుగు వేయండి.

డిప్లొమా, డిగ్రీ పూర్తయ్యాక ఏడాదిపాటు గనిలో ప్రాక్టికల్ ట్రైనింగ్ చేయాలి. దీన్ని కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్ నాట్స్ ద్వారా స్టైపెండ్‌తో చేయొచ్చు, దక్షిణాది బోర్డు చెన్నైలో ఉంది. సిమెంటు కంపెనీలు, సింగరేణి లాంటివి ఈ ట్రైనీలను తీసుకుంటాయి. "ఏడాది వృథా" అని ఐటీ వైపు పోయేవాళ్లుంటారు. ఆ ఏడాది మీ సర్టిఫికెట్‌కు పునాది, తప్పించుకోకండి.

ఇప్పటికే పనిలో ఉన్నవాళ్లకు పద్ధతి వేరు. ఎక్స్‌కవేటర్, డంపర్, డ్రిల్ ఆపరేటర్లయితే స్కిల్ కౌన్సిల్ ఫర్ మైనింగ్ సెక్టార్ అనే సంస్థ తయారుచేసిన కోర్సులున్నాయి. అందులో ఆర్‌పీఎల్ అని ఒక ఏర్పాటుంది. మీకు వచ్చిన పనినే పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు, మళ్లీ మొదటినుంచి నేర్చుకోనక్కర్లేదు. తాడేపల్లిలో ఉన్న రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ప్రకటనలు కూడా గమనిస్తూ ఉండండి. ఇది ఉద్యోగానికి ఉపయోగపడుతుంది, డీజీఎంఎస్ సర్టిఫికెట్‌కు బదులు మాత్రం కాదు. పొక్లెయిన్ నడిపేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి. హెవీ లైసెన్సు ఉన్నా గనిలో బండి ఎక్కడానికి మేనేజర్ రాతపూర్వకంగా అనుమతివ్వాలి.

సర్వే వైపు ఆసక్తి ఉంటే టోటల్ స్టేషన్, డీజీపీఎస్ అనే కొలత పరికరాలను ఎవరైనా సర్వేయర్ దగ్గర చేతులు పెట్టి నేర్చుకోండి, తెరమీద చూస్తే రాదు. హైదరాబాద్ బండ్లగూడలోని జీఎస్ఐ (జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) శిక్షణ సంస్థ భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు మంచి చోటు. గచ్చిబౌలిలోని ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజ్ ఇంజనీర్లకు చిన్న చిన్న కోర్సులు నడుపుతుంది. గుంటూరు నుంచి గోల్కొండ, బెజవాడ నుంచి శాతవాహన ఎక్కితే హైదరాబాద్ పెద్ద దూరమేం కాదు.

డబ్బు ఖర్చు లేకుండా కావాలంటే ఎన్‌పీటెల్ ఉంది. ఖరగ్‌పూర్, ధన్‌బాద్ ఐఐటీల ప్రొఫెసర్లు చెప్పిన మైనింగ్ పాఠాలు వీడియోల్లో ఉచితం, పరీక్ష రాస్తేనే ఫీజు. పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి. మొదట అర్థంకాకపోయినా బెంచ్, బర్డెన్, స్పేసింగ్, స్టెమ్మింగ్ లాంటి మాటలు మీరు రోజూ వినేవే కాబట్టి త్వరగానే దారిలో పడతారు.

ఏటా జరిగే మైన్స్ సేఫ్టీ వారోత్సవాలనూ వదలొద్దు. మిగతా గనుల నుంచి వచ్చిన మేట్లు, బ్లాస్టర్లు, ఆపరేటర్లతో పోటీలు పెడతారు. పక్క గనిలో ఫోర్‌మన్‌తో పరిచయం ఏ కోచింగ్ సెంటరూ ఇవ్వలేనిది.

6. కోచింగ్ సెంటర్‌ని పరీక్షించాకే ఫీజు కట్టండి

బెంజి సర్కిల్‌లో బోర్డు చూసో, వాట్సాప్‌లో "డీజీఎంఎస్ జాబ్ గ్యారంటీ" అన్న మెసేజ్ చూసో వెళ్లారనుకోండి. కౌంటర్ దగ్గర మనిషితో కాదు, పాఠం చెప్పే మనిషితో మాట్లాడతానని అడగండి. మూడు ప్రశ్నలు చాలు. మీకున్న కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఏది, చూపిస్తారా? ఈ కోర్సు అయ్యాక ఇచ్చే కాగితంతో నన్ను మేట్‌గా నియమించడం కుదురుతుందా? పేలకుండా మిగిలిన రంధ్రం ఉంటే ఏం చేయాలి?

రెండో ప్రశ్నకు "కుదురుతుంది" అంటే అక్కడినుంచి లేచి రండి. మూడో ప్రశ్నకు నిజంగా గనిలో పనిచేసినవాడు తడుముకోడు. ముందు మనుషుల్ని రానివ్వకుండా ఆపాలి, వేచి ఉండాలి, పై అధికారికి చెప్పాలి, ఆ పాత రంధ్రంలో మళ్లీ డ్రిల్ పెట్టే పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు అని వరసగా చెప్పేస్తాడు. "అది సిలబస్‌లో తర్వాత వస్తుంది" అంటే ఆయనకు కొండ తెలియదన్నమాట.

పరీక్ష పాస్ చేయిస్తామని, అనుభవ పత్రం మేమే చూసుకుంటామని ఎవరైనా అంటే అక్కడ నిలబడకండి. దొంగ పత్రంతో వచ్చిన సర్టిఫికెట్ రద్దవుతుంది. ప్రమాదం జరిగినప్పుడు విచారణలో మొదట తీసేది మేట్ సర్టిఫికెట్టే.

రాష్ట్ర గనుల శాఖ డైరెక్టరేట్ ఇబ్రహీంపట్నంలో, రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ఏపీఎండీసీ ఆఫీసు కానూరులో ఉన్నాయి కదా, అక్కడికెళ్తే పని అవుతుందా అని కొందరు అడుగుతారు. అవదు. అవి లీజులు, రాయల్టీ, ఖనిజాల అమ్మకం చూసుకునేవి. కాంపిటెన్సీ పరీక్షలు కేంద్ర ప్రభుత్వ వ్యవహారం.

7. పాసయ్యాక

సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకుంటే అనుభవం పెరగదు. మేట్‌గానో బ్లాస్టర్‌గానో మేనేజర్ మిమ్మల్ని రాతపూర్వకంగా నియమించాలి. ఆ హోదాలో మీరు పనిచేసిన అనుభవానికి ఆ ఉత్తర్వే ఆధారం. "నోటిమాట చాలు, రేపట్నుంచి చూసుకో" అంటే ఒప్పుకోకండి. ఏదైనా జరిగితే బాధ్యత మీ మీద పడుతుంది, అనుభవం మాత్రం మీ ఖాతాలో పడదు.

ఉత్తర్వులో ఏ ప్రాంతం, ఏ షిఫ్టు, ఎంతమంది అన్నది చదివి సంతకం చేయండి. ఆఫీసులో ఒరిజినల్ సర్టిఫికెట్ అడిగితే ఇచ్చేటప్పుడు రసీదు రాయించుకోండి, ఉద్యోగం మానేసిన రోజున అది వెనక్కి తీసుకోవడానికి ఆ రసీదే మీ చేతిలో ఉండాలి.